పదకొండు రోజుల హుక్కు: తాడిపత్రి గ్రానైట్ యార్డులో ఒక కేస్ స్టడీ

ఆ రోజు ఫోన్ చేసింది ఫ్యాక్టరీ ఓనరు కాదు, క్రేన్ ఆపరేటరు. "సార్, బరువు తీసుకునేటప్పుడు టిక్కుమంటాంది. మొదట రోపు అనుకుంటి. రోపు కాదు. హుక్కు కాడలో నుంచి వస్తాంది" అన్నాడు.

"బ్లాకు ఇంకా గాల్లోనే ఉందా అన్నా?"

"లేదు సార్, దించేసినా. పొద్దన్నుంచి మళ్ళీ ఎత్తలే. ఓనరేమో తిడతాండాడు."

ఆయన వయసు అరవైకి దగ్గర. తాడిపత్రి చుట్టుపక్కల గ్యాంట్రీల మీదే జీవితం గడిచింది. అలాంటి మనిషి చప్పుడు వచ్చిందని పని ఆపాడంటే ఆ చప్పుడులో ఏదో ఉందనే అర్థం. నేను అనంతపురంలో ఉంటూ క్రేన్ల రిపేర్లు, తనిఖీలు చేస్తుంటాను. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల పనులూ వస్తుంటాయి గానీ ఎక్కువ భాగం గ్రానైట్ యూనిట్లే. ఆ సాయంత్రమే బయల్దేరాను. బయల్దేరే ముందు ఓనరుకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాను: నేను చూసేదాకా ఆ హుక్కుకు ఖాళీ స్లింగు, అంటే బ్లాకుకు చుట్టి ఎత్తే తాడు, కూడా తగిలించొద్దు.

క్రేను 25 టన్నుల గోలియత్ గ్యాంట్రీ. రెండు గర్డర్లు, నేల మీద పట్టాలు, ఎత్తే రోపు నాలుగు వరసలు. లారీ మీద నుంచి బ్లాకు దించడం, యార్డులో పేర్చడం, అక్కడి నుంచి కటింగ్ మిషన్ ట్రాలీ మీదికి చేర్చడం దాని పని. రోజుకు 30, 35 ఎత్తులు. అందులో సగానికి పైగా పెద్ద బ్లాకులే. సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు క్రేను నెలకోసారి పెద్ద బరువు చూస్తుంది. ఇక్కడి క్రేను పొద్దున టీ తాగేలోపే చూస్తుంది. హుక్కు ఎంచుకునేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

పాత హుక్కు ఎందుకు తీశారని అడిగితే "నోరు తెరుచుకునింది సార్, లాచ్ మూసుకోకుండా పోయె" అన్నాడు ఓనరు. ఇక్కడ ఆయన్ను మెచ్చుకోవాలి. లాచ్ అంటే హుక్కు నోటికి అడ్డంగా ఉండే స్ప్రింగు మూత. అది మూసుకోకపోతే తీగ చుట్టి నడిపించేవాళ్ళే ఎక్కువ. ఈయన హుక్కు మార్చాలనుకున్నాడు. మార్చిన తీరులోనే తప్పు జరిగింది. కొత్త హుక్కుకు ఆరు వారాలు పడుతుందని తయారీదారు చెప్పాడు. పాత సామాన్ల వ్యాపారి ఒకరు అదే సైజులో, మూడో వంతు ధరకు, రెండు రోజుల్లో తెచ్చిచ్చాడు. కాడ, అంటే పైన నట్టుతో బిగించే భాగం, కొంచెం లావుగా ఉంటే పాత నట్టుకు సరిపోయేలా ఊళ్ళో లేత్ మీద తోమించారు. బిగించారు. అది జరిగి ఆ రోజుకు పదకొండు రోజులు.

తెల్లవారుజాము పని

మరుసటి రోజు ఐదింటికే పని మొదలుపెట్టాం. ఏప్రిల్ నెల. తాడిపత్రిలో పది దాటితే ఎండలో ఉన్న ఇనుమును ముట్టుకోలేం. నేను వాడే డై పెనెట్రెంట్, అంటే పగుల్లోకి దిగి దాన్ని చూపించే రంగు మందు, డబ్బా మీద 50 డిగ్రీల పైన వేడి ఉన్న ఉపరితలానికి పనికిరాదని రాసి ఉంటుంది. వేడి ఇనుము మీద డై ఆరిపోతుంది, పగుల్లోకి దిగదు, టెస్టు బాగుందని చెబుతుంది. అలాంటి టెస్టు చేయకపోవడమే మేలు.

హుక్ బ్లాకును, అంటే రోపుకు వేలాడుతూ హుక్కును మోసే భాగాన్ని, పాత రైల్వే స్లీపరు చెక్కల మీద కూర్చోబెట్టి, రోపు వదులు చేసి, మెయిన్ స్విచ్చు తీసి తాళం వేయించాను. తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. తర్వాత హుక్కుకు పూసిన పసుపు పెయింటు తీయాలి. కుర్రాడు గ్రైండరు పట్టుకొచ్చాడు. వద్దన్నాను. గ్రైండరు పైలోహాన్ని రుద్దేసి సన్న పగులు నోరు మూసేస్తుంది. పెయింట్ రిమూవరు, వైరు బ్రష్షు, ఓపిక, ఈ మూడే.

పెయింటు పోయేసరికి కథ బయటపడటం మొదలైంది. ఒక పక్క "25టీ" అని పంచి కొట్టి ఉంది. అక్షరాలు ఒక వరసలో లేవు, ఒక్కోటి ఒక్కో లోతు. తయారీదారు గుర్తు లేదు, ఏ విడత ఉక్కుతో చేశారో చెప్పే హీట్ నంబరు లేదు. రెండో పక్క ఏదో గుర్తు ఉండాల్సిన చోట నున్నగా అరగదీసిన మచ్చ. లాచ్ బిగించడానికి ముక్కు దగ్గర ఒక చిన్న ఇనుప చెవిని ఆర్క్ వెల్డింగుతో అతికించారు. నట్టు ఊడకుండా దానికీ కాడకూ కలిపి మూడు చోట్ల టాక్, అంటే చిన్న వెల్డింగు చుక్క, వేశారు.

ఎర్ర డై కొట్టి పదిహేను నిమిషాలు ఆగాం. ఆ సమయంలో ఆపరేటరన్న టీ తెప్పించాడు. తర్వాత క్లీనరుతో తడిపిన గుడ్డతో తుడిచాం. క్లీనరును నేరుగా హుక్కు మీద కొట్టకూడదు, పగుల్లోని డై కూడా కొట్టుకుపోతుంది. తెల్ల డెవలపరు పలచగా చల్లి నిలబడ్డాం.

ముందు లాచ్ చెవి వెల్డింగు అంచున రెండు పొట్టి గీతలు ఎర్రగా తేలాయి. అవి నేను ఊహించినవే. తర్వాత ఆపరేటరన్న "సార్, ఇక్కడ" అన్నాడు. కాడ మీద థ్రెడ్ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ లేత్ పనిముట్టు తిరగడానికి ఒక గాడి తీస్తారు. ఆ గాడి అడుగున సన్నటి గీత మెల్లగా ఊరి, పక్కకు పాకి, చుట్టుకొలతలో దాదాపు మూడో వంతు ఆక్రమించింది. మా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు. ఓనరు వచ్చి చూసి, "పైపై గీతేమో సార్?" అన్నాడు. ఆయన గొంతులోనే ఆయనకా నమ్మకం లేదని తెలుస్తోంది.

చప్పుడు సంగతి కూడా తేలింది. మూడు టాకుల్లో రెండు విరిగాయి. బరువు పడిన ప్రతిసారీ నట్టు థ్రెడ్ మీద వెంట్రుకవాసి జరిగి టిక్కుమంటోంది. అంటే మనిషిని హెచ్చరించింది విరిగిన టాకు. అసలు పగులు ఏ చప్పుడూ చేయలేదు. ఆ టాకులు గట్టిగా పడి ఉంటే నాకు ఫోన్ వచ్చేది కాదు.

గాడి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే లేత్ పని చేసేవాళ్ళు ఇది చదివితే బాగుంటుంది. హుక్కు కాడ మొత్తం బరువును లాగుడు రూపంలో మోస్తుంది. ఆ లాగుడు మందమైన చోటి నుంచి సన్నమైన చోటికి వచ్చేటప్పుడు మూల ఎంత పదునుగా ఉంటే అక్కడ అంత పేరుకుంటుంది. తయారీదారు డ్రాయింగులో ఆ మూల గుండ్రంగా, ఎన్ని మిల్లీమీటర్ల వ్యాసార్ధమో రాసి ఉంటుంది. ఈ హుక్కు గాడి వీ ఆకారంలో, కత్తి అంచులా ఉంది. లేత్ మిస్త్రీని తప్పుపట్టను. "నట్టుకు సరిపోయేలా చెయ్" అన్నారు, సరిపోయేలా చేశాడు. అది దేనికో, ఎంత బరువు మోస్తుందో ఎవరూ చెప్పలేదు.

పుండు ఒకచోట, మందు ఒకచోట

ఆ హుక్కు పక్కన పెట్టేశాక అందరూ అడిగింది ఒకటే: మంచి హుక్కు ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని రోజులు? నేను మాత్రం పాత హుక్కు చూపించమన్నాను, ఆ నోరు తెరుచుకున్న దాన్ని. అది షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము పక్కన పడి ఉంది. అది ఎందుకు తెరుచుకుందో తేల్చకుండా కొత్తది పెడితే కొత్తదీ అదే దారి పడుతుంది.

అదృష్టం కొద్దీ క్రేను కొన్నప్పటి ఫైలు ఓనరు దగ్గర ఉంది. అందులోని డ్రాయింగు ప్రకారం హుక్కు గిన్నె, అంటే స్లింగు కూర్చునే వంపు, 160 మిల్లీమీటర్ల వ్యాసం. నోరు 125 మిల్లీమీటర్లు. కాలిపరుతో కొలిస్తే నోరు 134 వచ్చింది. తొమ్మిది మిల్లీమీటర్ల తేడా, ఏడు శాతం పైన. వంపు అడుగున అరుగుదల నాలుగు శాతం.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. అమెరికా వాళ్ళ హుక్కుల ప్రమాణం ఏఎస్ఎంఈ బీ30.10 ప్రకారం నోరు 5 శాతం లేదా 6 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అంత పెరిగితే చాలు, హుక్కు తీసేయాలి. అరుగుదలకు మాత్రం 10 శాతం దాకా ఊరుకుంటుంది. జర్మన్ల ప్రమాణం డిన్ 15405 దీనికి తిరగేసినట్టు ఉంటుంది: నోరుకు 10 శాతం, అరుగుదలకు 5 శాతం. ఒక పుస్తకం ప్రకారం ఈ హుక్కు పోయింది, ఇంకో పుస్తకం ప్రకారం ఉంది. ఓనరు రెండోదే బాగుందన్నాడు. నా పద్ధతి వేరు: ఏ అంశానికి ఏది కఠినంగా ఉంటే అదే పట్టుకుంటాను. నోటికి 5, అరుగుదలకు 5. పైగా కంటికి కనిపించే మెలిక, ఏ సైజు పగులైనా సరే, ఉంటే కొలతల జోలికే పోను.

నోరు తెరుచుకుందంటే హుక్కు మోయాల్సిన చోట కాక ముక్కు వైపు మోసిందన్నమాట. హుక్కు మీద రాసిన బరువు గిన్నె అడుగున పడే బరువుకే. ముక్కు వైపు జరిగే కొద్దీ అది హుక్కును విప్పే లీవరు అవుతుంది. మరి ముక్కు మీదికి ఎలా వెళ్ళింది? దానికి ఒక బ్లాకు ఎత్తి చూడాలి. మా హుక్కు ఆగిపోయింది కాబట్టి ఆ వారం అద్దెకు తెచ్చిన మొబైల్ క్రేనుతో చూశాను. దాని హుక్కుకు లాచ్ స్ప్రింగే లేదు. ముందు అది వేయించుకు రమ్మని వెనక్కి పంపాను. సగం రోజు పోయింది, ఓనరు ముఖం చూడలేకపోయాను.

వీళ్ళ పద్ధతి ఇది. బ్లాకు రెండు కొసల దగ్గర రెండు వైరు రోపు స్లింగులు చుడతారు. ఒక్కో స్లింగుకు కొసల్లో రెండు కళ్ళు, అంటే వలయాలు, మొత్తం నాలుగు కళ్ళు ఒకే హుక్కులో. రోపు మందం 36 మిల్లీమీటర్లు. నాలుగు కళ్ళు పక్కపక్కన కూర్చోవాలంటే దాదాపు 145 మిల్లీమీటర్లు కావాలి. గిన్నె అడుగు చదునుగా ఉండదు కదా, వంపు. మధ్య రెండు అడుగున కూర్చుంటాయి, చివరి కన్ను జారిజారి ముక్కు ఎక్కుతుంది. పాత హుక్కు ముక్కు లోపలి పక్క రోపు పోగుల ముద్ర అచ్చుగుద్దినట్టు ఉంది. చేత్తో తడిమితే తెలిసేంత లోతు.

దాని మీద స్లింగులు పొట్టివి. స్లింగుల మధ్య దూరం రెండు మీటర్లు, హుక్కు బ్లాకు మీద నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో. అంటే రెండు పక్కల స్లింగుల మధ్య కోణం 110 డిగ్రీలు. ఒక హుక్కులో రెండు స్లింగు కాళ్ళు వేసేటప్పుడు వాటి మధ్య కోణం 90 దాటకూడదు. 60 లోపు ఉంటే ఇంకా మంచిది. 24 టన్నుల బ్లాకుకు 110 డిగ్రీల దగ్గర ఒక్కో పక్క లాగుడు దాదాపు 21 టన్నులు. 60 డిగ్రీల దగ్గరైతే 14 టన్నుల లోపే. బ్లాకు అదే, క్రేను అదే. స్లింగు పొట్టిదైనందుకు ఒక్కో పక్క ఏడు టన్నులు ఎక్కువ. అదీ పక్కలకు లాగుతూ, హుక్కు నోటిని చీలుస్తూ.

24 టన్నులు అన్నాను. ఓనరు ఒప్పుకోలేదు. "మా దగ్గరికి 18 దాటి రాదు సార్" అన్నాడు. ఆయన లెక్క బిల్లులో కొలతలది: 2.80, 1.60, 1.50. అంటే 6.72 క్యూబిక్ మీటర్లు, దాన్ని 2.7తో గుణిస్తే 18 టన్నులు. లెక్క తప్పు కాదు, కొలత తప్పు. బిల్లులో రాసేది నెట్ కొలత. ఎగుడుదిగుడు అంచులు తీసేసి, స్లాబుకు పనికొచ్చే రాయినే కడతారు. డబ్బుకు ఆ కొలత సరే. క్రేనుకు మాత్రం అంచులు కూడా బరువే. టేపు పెట్టి బయటి కొలతలు తీస్తే 2.95, 1.70, 1.60 వచ్చాయి. ఎనిమిది క్యూబిక్ మీటర్లు. అది నల్ల రాయి కాబట్టి క్యూబిక్ మీటరుకు 3 టన్నుల దాకా వేసుకోవాలి. లారీ కాటా చీటీ తీయిస్తే 23 టన్నుల 800 కిలోలు. అప్పటి నుంచి ఆ యార్డులో బ్లాకు మీద బిల్లు కొలత కాక కాటా బరువు పెయింటుతో రాస్తున్నారు.

ఏ హుక్కు

కారణం తెలిశాక ఎంపిక సగం తేలికైంది. మూడు దారులు కనిపించాయి.

రెండు కొమ్ముల హుక్కు, రామ్స్‌హార్న్ అంటారే, అది వేద్దామని ఓనరు తమ్ముడు అన్నాడు. చెరో పక్క రెండు కళ్ళు పడతాయి, ఇరుకు పోతుంది. నిజమే. కానీ దానికి హుక్ బ్లాకు మొత్తం మార్చాలి. అంతకన్నా, ఇక్కడ చిన్న రాళ్ళకు ఒకే గొలుసు వేసి లాగుతారు. హడావుడిలో ఒక కొమ్ముకే తగిలిస్తారు. అప్పుడు బరువు పక్కకు పడి కాడ వంగుతుంది. నేను వద్దన్నాను.

హైదరాబాదు నుంచి ఒక సప్లయరు, ఇంకా గట్టి అల్లాయ్ స్టీలుతో చేసిన చిన్న హుక్కు పంపిస్తానన్నాడు. అదే 25 టన్నులు, బరువు తక్కువ, డెలివరీ త్వరగా. డిన్ పద్ధతిలో హుక్కులకు ఎం, పీ, ఎస్, టీ, వీ అని స్టీలు గ్రేడులు ఉంటాయి. గ్రేడు పెరిగే కొద్దీ చిన్న హుక్కే పెద్ద బరువు మోస్తుంది. పేపరు మీద తప్పేమీ లేదు. అయితే చిన్న హుక్కు అంటే చిన్న గిన్నె. మనకు వచ్చిన జబ్బే ఇరుకు గిన్నె. బలం ఎక్కువైన కొద్దీ చోటు తగ్గితే మనకేం లాభం?

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. డిన్ హుక్కు నంబరును టన్నులు అనుకుంటారు. నంబరు 20 అంటే 20 టన్నులని కాదు. అదే నంబరు హుక్కు స్టీలు గ్రేడును బట్టి, క్రేను ఎంత తీవ్రంగా పని చేస్తుందన్న దాన్ని బట్టి వేర్వేరు బరువులకు పనికొస్తుంది. నెలకోసారి ఎత్తే క్రేనుకు సరిపోయిన హుక్కు రోజుకు 35 ఎత్తుల యార్డుకు సరిపోకపోవచ్చు. ఆర్డరు రాసేటప్పుడు "25 టన్నుల హుక్కు" అని రాసి ఊరుకుంటే సప్లయరు తనకు తోచింది పంపుతాడు.

చివరికి క్రేను తయారీదారు డ్రాయింగులోని హుక్కే, అదే గ్రేడు, అదే గిన్నె, ఆర్డరు చేశాం. ఒక్క హుక్కు కాదు: హుక్కు, నట్టు, నట్టు లాక్ ప్లేటు, కింది థ్రస్ట్ బేరింగు, బోల్టుతో బిగించే లాచ్, అంతా ఒక సెట్టు. పాత నట్టు వాడొద్దని ప్రత్యేకంగా రాశాం. అరిగిన నట్టును కొత్త థ్రెడ్ మీద వేస్తే బరువు రెండు మూడు థ్రెడ్ల మీదే పడుతుంది. ఫోర్జింగు చేసిందే, అంటే కాల్చి కొట్టి మలిచిందే కావాలని, పోత పోసింది పనికిరాదని, మన దేశ ప్రమాణం ఐఎస్ 15560 ప్రకారం ఉండాలని, హుక్కు మీద హీట్ నంబరు పంచి ఉండాలని, ప్రూఫ్ లోడు టెస్టు, పగుళ్ళ పరీక్ష సర్టిఫికెట్లలో అదే నంబరు కనిపించాలని రాశాం. సర్టిఫికెట్ జిరాక్సు ఎవరైనా ఇస్తారు. ఇనుము మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని చూసేవాళ్ళే తక్కువ.

అసలు మందు మాత్రం హుక్కులో లేదు. అది మాస్టర్ లింకు. కోలగా ఉండే పెద్ద అల్లాయ్ రింగు, క్రేను సామర్థ్యానికి పైబడినది, లోపలి వెడల్పు హుక్కు మందానికి వదులుగా సరిపోయేది. నాలుగు కళ్ళూ రింగులో పడతాయి, రింగు ఒక్కటే హుక్కు గిన్నె అడుగున కూర్చుంటుంది, లాచ్ దాని మీద హాయిగా మూసుకుంటుంది. స్లింగులు కూడా పొడవైనవి తీసుకున్నాం.

ఓనరు వెంటనే పట్టుకున్నాడు: "అడుగుకు పైన ఎత్తు రింగే తినేస్తాది, స్లింగు ఇంకొంచెం తింటాది. బ్లాకు మీద నుంచి బ్లాకు ఎట్ల దాటేది?" న్యాయమైన ప్రశ్న. హుక్కు గరిష్ఠ ఎత్తు ఏడు మీటర్లు. రెండు వరసలు పేర్చిన బ్లాకుల మీదుగా ఇంకో బ్లాకు దాటాలంటే లెక్క ఆరు మీటర్ల 95 సెంటీమీటర్ల దాకా వస్తోంది. అంటే మిగిలేది అరచేతి వెడల్పు కూడా కాదు. క్రేను నడిచే దారిలో ఒక వరస మించి పేర్చకూడదని ఒప్పందానికి వచ్చాం. చోటు తగ్గింది, ఆయన మనసులో నొచ్చుకున్నాడు.

బిగింపు, టెస్టు

ఆరు వారాలు అన్న హుక్కు ఐదు వారాల్లో వచ్చింది. పెట్టె విప్పి ముందు హీట్ నంబరు చూశాం, కలిసింది. ట్రనియన్‌ను, అంటే హుక్ బ్లాకులో హుక్కు కాడను మోసే అడ్డ ఇరుసును, కిరోసిన్‌తో కడిగి, కాడ వెళ్ళే రంధ్రం, బేరింగు కూర్చునే ముఖం కూడా డై వేసి చూశాం. హుక్కు పోయిన చోట ట్రనియన్ బాగుందని ఊహించకూడదు. బేరింగుకు గ్రీజు పెట్టి, నట్టు థ్రెడ్ చివరిదాకా ఎక్కించి, లాక్ ప్లేటు రెండు బోల్టులతో వేశాం. వెల్డింగు మిషన్ ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు. ఖాళీ హుక్కు ఒంటి చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది.

తర్వాత నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఈ హుక్కుకు తయారీదారే నోటికి అటూ ఇటూ రెండు సెంటర్ పంచి చుక్కలు పెట్టి పంపాడు. ఆ చుక్కల మధ్య దూరం మూడుసార్లు కొలిచాను, ఆపరేటరన్న చేత ఒకసారి కొలిపించాను. 172 మిల్లీమీటర్లు. రిజిస్టరులో రాసి, గ్యాంట్రీ కాలు మీద కూడా తెల్ల పెయింటుతో రాయించాను: 172. ఓనరు తమ్ముడు "కోడిగుడ్డుకు ఈకలు పీకతాండావు సార్" అని నవ్వాడు. పాత హుక్కుకు ఈ ఒక్క అంకె రాసిపెట్టుకుని ఉంటే, అది రెండు మిల్లీమీటర్లు తెరుచుకున్నప్పుడే తెలిసేది. డ్రాయింగు దొరక్కపోయి ఉంటే తొమ్మిది మిల్లీమీటర్లు తెరుచుకుందన్నదీ తెలిసేది కాదు.

లోడు టెస్టు కాంపిటెంట్ పర్సన్, అంటే గుర్తింపు ఉన్న తనిఖీదారు, ఎదుట జరిగింది. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 29 ప్రకారం ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అలాంటి వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాల్సి ఉండేది. అంత పని జరిగినప్పుడు ఏడాది దాకా ఆగడంలో అర్థం లేదు. స్టాటిక్ టెస్టుకు 125 శాతం, అంటే 31 టన్నుల పైచిలుకు. కాటా చీటీలున్న బ్లాకులను ఇనుప క్రేడిల్‌లో పెట్టాం. మా మాస్టర్ లింకు ఆ బరువుకు కాదు కాబట్టి టెస్టుకు వేరే సామాను అద్దెకు తెచ్చాం. కొత్త లింకును మొదటి రోజే మితిమీరి లాగి పాడుచేసిన యార్డును నేను చూశాను. జానెడు ఎత్తు లేపి పది నిమిషాలు ఉంచాం. ఎవరూ దగ్గరికి పోలేదు. తర్వాత 110 శాతం బరువుతో నడిపి, ఎత్తి, దించి చూశాం. దించాక చుక్కల మధ్య దూరం 172. మళ్ళీ డై వేశాం, ఒక్క ఎర్ర గీతా రాలేదు.

వాడకం గురించి ఎక్కువ రూల్సు పెట్టలేదు. ఎక్కువ రూల్సు గోడకే మిగిలిపోతాయి. షిఫ్టు మొదట్లో లాచ్ వేలితో తెరిచి వదిలితే టక్కున మూసుకోవాలి. లాచ్ బరువు మోసేది కాదు, స్లింగు వదులైనప్పుడు జారిపోకుండా ఆపేదే. అది బరువు మీద ఒత్తుకుంటోందంటే ఏదో అడ్డంగా ఉన్నట్టే. బ్లాకును పక్క నుంచి ఏటవాలుగా ఈడ్చకూడదు, ముందు హుక్కు నిట్టనిలువుగా దాని మీదికి రావాలి. హుక్కును వేడి చేయడం, వంచడం, దాని మీద వెల్డింగు, ఈ మూడు ఎవరు చెప్పినా చేయకూడదు. సోమవారం సోమవారం చుక్కలు కొలవాలి, కొలిచేది ఆపరేటరన్న.

ఐదో నెలలో వెళ్ళాను. చుక్కలు 172 దగ్గరే ఉన్నాయి. గిన్నె అడుగున రింగు కూర్చున్న మెరుపు, ఒక మిల్లీమీటరు లోపు అరుగుదల. అంతా బాగుందనుకుంటూ ముక్కు లోపలి పక్క వేలు పెట్టి చూశాను. రోపు గీతలు, కొత్తవి. రాత్రి షిఫ్టువాళ్ళు మాస్టర్ లింకు తీసి పక్కన పెట్టి, పొట్టి స్లింగులు నేరుగా హుక్కులో వేస్తున్నారు. ఎందుకంటే ఆ నెల సరుకు ఎక్కువ వచ్చింది, యార్డులో మళ్ళీ రెండు వరసలు పేర్చారు, లింకుతో దాటడం లేదు. మనుషుల తప్పు అనలేను. లెక్క ముందే చెప్పిన సంగతే అది. పొట్టి స్లింగులను నా ఎదుటే కోయించి తీసేయించాను, క్రేను దారిలో రెండో వరస ఆ రోజే దించించారు. రాత్రి షిఫ్టుకు ఫోర్‌మన్ లేడు. ఆ సంగతి ఇంకా తేలలేదు.

ఆ పదకొండు రోజుల హుక్కును ఓనరు అమ్మేద్దామనుకున్నాడు. అమ్మితే ఇంకో పసుపు పెయింటు వేసుకుని ఇంకో యార్డుకు పోతుంది. అందుకని నేనే దగ్గరుండి, కాడ తోమిన లేత్ షెడ్డుకే తీసుకుపోయాను. ముక్కును గ్యాసుతో కోసేశాం. కాడను పవర్ హాక్‌సా మీద పెట్టి, పగులుకు ఎదుటి పక్క నుంచి కోసుకుంటూ వచ్చి, కొంచెం మిగలగానే సుత్తితో విరిచాం. విరిగిన ముఖంలో రంపం కోసిన చోటు మెరుస్తోంది, సుత్తికి విరిగిన చోటు బూడిద రంగులో గరుగ్గా ఉంది. పగులు భాగం మాత్రం నల్లగా, ముదురు గోధుమ రంగు తుప్పుతో ఉంది. నాలుగు వందల ఎత్తులకు అంత పగులు పుట్టదని నా అనుమానం ముందు నుంచీ ఉంది. అది ఎక్కడో, ఏ క్రేను మీదో మొదలై, లోపల దాక్కుని వచ్చింది. లేత్ మీద పైచర్మం తీయగానే బయటపడింది.

లేత్ మిస్త్రీ ఆ ముక్కను చాలాసేపు వెలుతురుకు పట్టుకుని చూశాడు. "ఇది నేను ఉంచుకుంటా సార్" అని పనిముట్ల పెట్టె పైన పెట్టుకున్నాడు.